వాపు సంరక్షణ

దాలమ్మ కుడి మోకాలు వాచింది. ఆ కొండవాలు పేటలో మోకాళ్ళు వాచడం కొత్త కాదు. బిందెతో మెట్లెక్కి దిగే ఆడవాళ్ళందరికీ ఏదో ఒక వయసులో వచ్చేదే. అయితే వాచిన మోకాలి ముందు పెద్ద పెద్ద వాళ్ళు కోట్లు తొడుక్కుని నిలబడి చప్పట్లు కొట్టడం మాత్రం అంతకు ముందు ఎవరి మోకాలికీ దక్కని గౌరవం.

దాలమ్మ ఇల్లు కొండ మీద ఆఖరి వరసలో ఉంది. ఒక్క గది, ముందు చిన్న అరుగు, పైన సిమెంటు రేకులు. మొగుడు బతికున్న రోజుల్లో ఆదివారమాదివారం ఇద్దరూ రాళ్ళు మోసుకుని కట్టుకున్న గోడలవి. మొగుడు పోయాడు, గోడలు మిగిలాయి. వానలు మొదలైనప్పుడు మోకాలు వాచింది. ఆ వాపుతోనే ఒకరోజు బియ్యానికని కిందికి దిగి, మళ్ళీ ఎక్కలేక, కొండ కింద మరిది సన్యాసి ఇంటి పంచలో చాప వేసుకుంది. తలెత్తి చూస్తే పైన తన ఇల్లు కనిపిస్తూనే ఉంటుంది. కాలెత్తితే మాత్రం అందదు.

"వొదినా, ఇల్లు కాళీగా ఒగ్గేత్తే పాములు సేరతాయి" అన్నాడు సన్యాసి ఒకరోజు, చాలా బాధపడుతున్నట్టు మొహం పెట్టి. "మా పెద్దోడికి పెళ్ళీడొచ్చినాది. ఆణ్ణి అందులో ఉండనీ. నీకీ పంచ లేదేటి?"

"పాము సేరితే కర్రెట్టి తోలుకుంటాన్రా. నీ కొడుకు సేరితే దేంతో తోలాలి?" అంది దాలమ్మ.

మాటా మాటా పెరిగి సంగతి పేట పెద్దల దగ్గరికి వెళ్ళింది. పెద్దలు బాగా ఆలోచించారు. కార్తీక పున్నమి నాడు దాలమ్మ తన కాళ్ళ మీద తాను ఎక్కి ఇంట్లో దీపం పెడితే ఇల్లు దాలమ్మది, ఎక్కలేకపోతే సన్యాసి కొడుకుది అని తీర్పు చెప్పారు. ఇరువైపులా న్యాయం జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. మోకాలిని ఎవరూ ఏమీ అడగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో చదువుకున్న వాళ్ళకి చైనా మూలికల మీద మోజు పుట్టింది. పొద్దున్నే టీకి బదులు ఏవో వేళ్ళు మరిగించి తాగడం, తాగి మొహం చిట్లించి "ఎంత తేలిగ్గా ఉందో" అనడం పెద్దమనిషి తరహా అయింది. పెద్ద రోడ్డు మీద ఒక మేడ ఉంది. నిరుడు దానికి తేనె స్వచ్ఛత గురించి ఏదో బోర్డు ఉండేది. ఈ ఏడు ఆ బోర్డు దింపి, "చైనా సంప్రదాయ మూలికా ఔషధ భద్రత మరియు వాపు నివారణ సామర్థ్య పరీక్షా సంస్థ" అని కొత్తది ఎక్కించారు. డైరెక్టరు మాత్రం పాతాయనే, డాక్టర్ పరాంకుశంగారు. ఆయన చైనాలో ఏదో సభకి వెళ్ళి, వస్తూ వస్తూ వాపుని తీసిపారేస్తుందని పేరున్న వేళ్ళూ బెరళ్ళూ ఒక ఎర్రని చెక్కపెట్టె నిండా తెచ్చారు. మందు వచ్చింది, మేడ ఉంది, సిబ్బంది ఉన్నారు. ఇక లోటల్లా వాపే.

కనుక మైకు కట్టిన ఆటో ఒకటి పేటలన్నీ తిరిగింది. "వాపు గల వారు వెంటనే సంప్రదించండి! భోజన వసతులు ఉచితం! వాపు ఎంత పాతదైనా పరవాలేదు!"

పున్నమికి ఇంకా చాలా రోజులున్నాయని లెక్క వేసుకుని, దాలమ్మ ఆ ఆటోలోనే ఎక్కేసింది.

పరాంకుశంగారు ఆవిడ మోకాలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళలా అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిరిగి చూశారు.

"భానుమూర్తిగారూ, చూశారా! ఎంత సమగ్రమైన వాపు! ఎంత సౌష్ఠవం! ఇటువంటిది చేజారితే శాస్త్రం మనల్ని క్షమించదు."

భానుమూర్తిగారు ఆ సంస్థలో భద్రతాధికారి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో అపాయం రాబోతున్నట్టు చెవి ఒగ్గి ఉంటారు. ఆయన టేపుతో మోకాలి చుట్టూ కొలిచి, చెరగని సిరాతో గీత గీశారు. దానికి ఆధార వాపు అని పేరు పెట్టారు.

"అమ్మా, జాగ్రత్తగా వినండి" అన్నారు. "మందు స్వీకరించే నాటికి వాపు ఈనాడు ఎంత ఉన్నదో అంతే ఉండవలెను. వెంట్రుకవాసి తేడా వచ్చినా పరీక్ష చెల్లదు."

"అంటే తగ్గకూడదేటి బాబూ?"

"మందు వల్ల తగ్గవచ్చును. అన్యకారణముల చేత తగ్గరాదు."

ఆ అన్యకారణాలేవో సంస్థ అప్పటికే కనిపెట్టి ఉంచింది. దాలమ్మ కొంగున కట్టుకుని తెచ్చిన ఆముదం ఆకులు గేటు దగ్గరే లాక్కున్నారు. కాపడానికి తెచ్చిన గుడ్డ లాక్కున్నారు. మోకాలి కింద దిండు పెట్టుకుంటే ఆ దిండూ లాక్కున్నారు. స్నానానికి వేడినీళ్ళు ఇచ్చారు గానీ అవి మోకాలి మీద పడకుండా చూడడానికి ఒక ఆయాని కాపలా పెట్టారు.

వార్డులో పక్క మంచం నూకరాజుది. ఆయన రేవులో మూటలు మోసి మోసి పని మానుకున్న కళాసీ. మణికట్టు కుండలా వాచి ఉంది.

"ఏటి చెల్లే, నీదీ గీత గీసేసినారా?" అన్నాడు. "నాను రేవులో ఉన్నప్పుడు మూటల మీద ఇలగే గీసీవోరు. గీసిన మూట ఎవురూ ఇప్పకూడదు."

"మందెప్పుడేత్తారన్నా?"

"అదిగో మందు. నువ్వే అడుగు."

హాలు చివర అద్దాల బీరువా ఉంది. బీరువాకి తాళం, తాళానికి లక్క ముద్ర. లోపల ఎర్రని చెక్కపెట్టె, దానికీ తాళం, దానికీ ముద్ర. బీరువా పక్కన తుపాకీ లేని పోలీసులా భానుమూర్తిగారు.

"మందెప్పుడేత్తారు బాబూ?" అని అడిగింది దాలమ్మ.

"భద్రత రుజువు కాగానే."

"ఎలగ రుజువౌద్ది?"

"మనుషులకి ఇచ్చి చూసిన మీదట."

"మరైతే ఇచ్చీయండి. మనుషులం ఇక్కడే ఉన్నాం గదా."

భానుమూర్తిగారు ఎంతో జాలిగా నవ్వారు. "భద్రత రుజువు కానిదే మనుషులకి ఎలా ఇస్తామమ్మా?"

నూకరాజు మంచం మీంచి అరిచాడు. "చెల్లే, ఈలు రేవులో పని సేసుంటే ఒక్క ఓడ ఒడ్డుకొచ్చీది కాదే!"

అయితే ఓడ ఎందుకు ఆగిపోవాలి? ఈ చిక్కు పరాంకుశంగారికి తెలియనిది కాదు. ఆయన దాని మీద చాలాకాలం తల పట్టుకుని కూర్చుని, చివరికి ఒక మార్గం కనిపెట్టారు. మందుని ఒక్కసారిగా నోట్లో పోస్తేనే కదా అపాయం. మెల్లగా దగ్గరికి తీసుకొస్తే? ఒక్కొక్క మెట్టు దగ్గరా భద్రత రుజువు చేసుకుంటూ వెళితే? ఆ మార్గానికి సూక్ష్మ సోపాన పద్ధతి అని పేరు పెట్టి, సిబ్బందికి మిఠాయిలు పంచారు.

మొదటి సోపానంలో వాపు గలవారంతా హాలు ఆ చివర కూర్చుని, ఈ చివర ఉన్న బీరువాని చూడాలి. చూస్తుంటే భానుమూర్తిగారు ఒక్కొక్కరినీ అడిగారు.

"దురద ఉన్నదా? కడుపులో తిప్పుచున్నదా? దృష్టి మసకబారినదా?"

"దృష్టి మసకే బాబూ. పొర కమ్మినాది. నాలుగేళ్ళైనాది" అన్నాడు నూకరాజు.

అది మందు వల్ల వచ్చిన పొరో, మందుకి ముందు వచ్చిన పొరో తేల్చడానికి కంటి వైద్యుణ్ణి పిలిపించారు. నాలుగేళ్ళ కిందట ఆ మందు చైనాలో ఉందని ధ్రువపరుచుకున్నాక పరీక్ష ముందుకి సాగింది.

రెండో సోపానంలో కాస్త దగ్గరికి జరిగారు. మూడో సోపానంలో బీరువా నీడ వాళ్ళ మీద పడేలా సాయంత్రపు ఎండలో కూర్చోబెట్టారు. నాలుగో సోపానంలో చేతికి గుడ్డ చుట్టుకుని అద్దాన్ని ముట్టుకోమన్నారు. అయిదో సోపానంలో గుడ్డ తీసేసి ముట్టుకోవాలి. ఆ సాహసానికి సంస్థలో కొందరు ఒప్పుకోలేదు. పరాంకుశంగారే ముందుకొచ్చి, "వైద్యచరిత్ర ధైర్యవంతులది" అని, దాలమ్మ చెయ్యి పట్టుకుని అద్దానికి ఆనించారు.

అదే సమయానికి అందరికీ తుమ్ములొచ్చాయి. దాలమ్మ తుమ్మింది, నూకరాజు తుమ్మాడు, పరాంకుశంగారు తుమ్మారు. భానుమూర్తిగారు తుమ్ముతూనే గంట కొట్టారు. హాలు మూయించారు. దుష్ఫలిత విచారణ మొదలైంది. విచారణలో వంటింట్లో ఎండుమిరపకాయల పోపు మాడిందని తేలింది. ఆ రోజు నుంచి సంస్థలో పోపు నిషేధం. పప్పు, చారు, కూర అన్నీ ఉడికించి అలాగే పెట్టేవారు. ఉప్పు మాత్రం ధారాళంగా వేయమన్నారు. ఉప్పు వాపుకి మంచిదట.

ఇలా మందు మెల్లగా దగ్గరవుతోంది. పున్నమి గబగబా దగ్గరవుతోంది.

ఇంతలో ఎవరూ ఊహించని ప్రమాదం ముంచుకొచ్చింది. ఒకరోజు భానుమూర్తిగారు ఆధార వాపు కొలతకి టేపు చుడితే అది వదులుగా జారింది. మళ్ళీ చుట్టారు. మళ్ళీ జారింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. పరాంకుశంగారు కోటు గుండీలు పెట్టుకోకుండానే పరిగెత్తుకొచ్చారు.

"ఎవరు తగ్గించారిది?"

"ఎవురూ తగ్గించలేదు బాబూ. నడక లేదు, నీళ్ళ బిందె లేదు. మంచం మీద కూకుంటే అదే తగ్గింది" అంది దాలమ్మ. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"దానంతటది తగ్గడానికి అనుమతి ఎవరిచ్చారు?"

"తగ్గితే మంచిదే గదా?"

"ఎవరికి మంచిదమ్మా?" పరాంకుశంగారు నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. "ప్రభుత్వం మేడ ఇచ్చింది. నేను సముద్రాలు దాటి మందు తెచ్చాను. తీరా చూస్తే మీరు మందు లేకుండా బాగుపడిపోతానంటున్నారు. మీలాంటి వాళ్ళంతా ఇలా ఎవరికి వారు బాగుపడిపోతే వైద్యశాస్త్రం ఏమైపోవాలి?"

దాలమ్మకి తప్పు చేసినట్టే అనిపించింది. అంతటి పెద్దమనిషిని ఏడిపించింది కదా.

వెంటనే వాపు సంరక్షణ విభాగం ఒకటి ఏర్పాటయింది. భానుమూర్తిగారిని దానికి అధిపతిని చేశారు. ఆధార వాపుని పునరుద్ధరించే కార్యక్రమం మొదలైంది. నూకరాజు చేత తడిసిన గోనెలు పిండించారు. దాలమ్మ చేతికి నిండు బకెట్టు ఇచ్చి మేడ మెట్లు ఎక్కించారు. పైకెక్కాక ఆ నీళ్ళని ఏం చెయ్యాలో సంస్థ ఆలోచించలేదు. అందుకని అవే నీళ్ళతో కిందికి దింపేవారు. పొద్దున్న ఎక్కడం, దిగడం. మధ్యాహ్నం భోజనం. సాయంత్రం ఎక్కడం, దిగడం. వెనకాల భానుమూర్తిగారు టేపు పట్టుకుని, "ఇంకొంచెం, ఇంకొక్క కొంచెం, గీత దాకా వచ్చేసింది" అంటూ ఉత్సాహపరిచేవారు.

మోకాలు మునుపటంత అయింది. ఆ మీద మునుపటికంటే ఎక్కువైంది. ఎక్కువైన దాన్ని తగ్గించడానికి ఒకపూట సెలవిచ్చారు.

"ఈ మెట్లే ఆ కొండ మీద ఎక్కుంటే ఈపాటికి మా అరుగు మీద కూకుందును" అంది దాలమ్మ, మెట్ల మీద చతికిలబడి, రెండు చేతులా మోకాలు పట్టుకుని. అప్పుడు ఆవిడ ఏడ్చింది. భానుమూర్తిగారు కన్నీళ్ళ వల్ల ఒంట్లో నీరు తగ్గి వాపుకి నష్టం కలుగుతుందేమోనని ఆందోళనపడి మంచినీళ్ళు తెప్పించారు.

"నాను ఎలిపోతాను బాబూ. నాకీ మందొద్దు."

"నిరభ్యంతరంగా వెళ్ళవచ్చునమ్మా. మిమ్మల్ని ఆపే అధికారం మాకు లేదు" అన్నారు భానుమూర్తిగారు. "అయితే వాపు సంస్థకి చెందినది. దానిని ఇక్కడ విడిచి మీరు వెళ్ళవచ్చును."

మర్నాడు సన్యాసి అరటిపళ్ళు పట్టుకుని చూడటానికొచ్చాడు. దుప్పటి తీసి వదిన మోకాలు చూశాడు. అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో.

"ఎంత బాగా సూసుకుంటన్నారండీ!" అని భానుమూర్తిగారికి దణ్ణం పెట్టాడు. "మా ఇంటికాడుంటే ఈపాటికి తగ్గిపోను. పున్నమి దాకా ఇలగే సూసుకోండి బాబూ. ఆ మీద మీ ఇష్టం."

"అది మా ధర్మం" అన్నారు భానుమూర్తిగారు వినయంగా. రోగి బంధువు ఒకడు వచ్చి కృతజ్ఞత చెప్పడం ఆ సంస్థలో అదే మొదలు.

"ఒరే సన్యాసీ, ఆ పళ్ళు అట్టుకెల్లి నీ కొడుక్కెట్రా" అంది దాలమ్మ. "కొండెక్కాలి గదా, బలముండాల."

పున్నమి రోజునే పైనుంచి తనిఖీ సంఘం వస్తోందని కబురు అందింది. సంస్థలో వాపు సంగతి, మందు సంగతి అందరూ మరిచిపోయారు. గోడలకి సున్నం పడింది. పూలకుండీలు వచ్చాయి. తడిగోనెలు ఎక్కడో దాచేశారు. మేడ మెట్లన్నిటికీ మెరిసే ఎర్రరంగు వేసి, కిందా పైనా తాడు కట్టి, సంఘం వచ్చేదాకా ఎవరూ కాలు పెట్టరాదని ఉత్తర్వు వేశారు. రంగు తొందరగా ఆరలేదు. దాని మీద పిల్లి నడిచిందని మళ్ళీ వేశారు. భానుమూర్తిగారు ఎర్ర తివాచీ కొలవడానికి టేపు పట్టుకెళ్ళారు.

దాలమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుంది. ఒకసారి దుప్పటి కింద చెయ్యి పెట్టి తడుముకుంది. మోకాటి చిప్ప చేతికి తగిలింది. ఎన్నాళ్ళకో పుట్టింటి వాళ్ళు కనిపించినట్టయింది. నూకరాజు వైపు చూసింది. ఆయన మణికట్టు చూపించి కన్ను గీటాడు. ఇద్దరూ దుప్పట్లు మెడదాకా కప్పుకున్నారు.

సంఘం వచ్చింది. అధ్యక్షులవారు భారీ మనిషి. దండల వెనక నుంచి మాట్లాడుతున్నారు. ఉపన్యాసాలయ్యాక రోగిని చూపించమన్నారు. పరాంకుశంగారు గర్వంగా సైగ చేశారు. భానుమూర్తిగారు దుప్పటి తీసి టేపు చుట్టారు.

టేపు జారి చీలమండ దగ్గర పడింది.

పరాంకుశంగారు గోడకి ఆనుకున్నారు. సున్నం కోటుకి అంటుకుంది.

"వాపు తగ్గిపోయిందే!" అన్నారు అధ్యక్షులవారు. "మందు ఎంత మోతాదులో ఇచ్చారు?"

పరాంకుశంగారు నిజాయితీపరులు. "ఇంకా పెట్టె తెరవలేదండి" అన్నారు, గోడని వదలకుండానే.

అధ్యక్షులవారు చాలాసేపు బీరువాని చూశారు, మోకాలిని చూశారు. ఉన్నట్టుండి ఆయన మొహం వికసించింది.

"అంటే, తెరవకుండానే తగ్గించిందా?"

ఎవరూ కాదనలేదు.

"దుష్ఫలితాలు?"

"ఒక్కటీ లేదండి" అన్నారు భానుమూర్తిగారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది. "ఆది నుండి నేటి వరకు ఏ ఒక్కరికీ, ఏ విధమైన హానీ జరగలేదు."

"ఆహా! లోపలికి పుచ్చుకునే మందులన్నిటికీ ఏదో ఒక దోషం ఉంటుంది. ఇది పుచ్చుకోకుండానే పనిచేస్తోంది. ఇంత భద్రమైన ఔషధం ప్రపంచంలో మరొకటి లేదు!"

చప్పట్లు మోగాయి. నూకరాజు మణికట్టు కూడా చూశారు. మళ్ళీ మోగాయి.

"మెట్లకి రంగేసినారు బాబూ, అందుకే తగ్గినాది" అంది దాలమ్మ.

"ఏమంటున్నదామె?" అని అడిగారు అధ్యక్షులవారు.

"కృతజ్ఞత తెలుపుకుంటున్నదండి" అన్నారు పరాంకుశంగారు. ఆయన గోడని వదిలి ముందుకొచ్చేశారు.

అక్కడికక్కడే ఆ వైద్యానికి సన్నిధి చికిత్స అని పేరు పెట్టారు. మందు సన్నిధిలో ఉండగా వాపు తగ్గింది కాబట్టి, దూరమైతే తిరిగి రావచ్చు. కనుక ఈ రోగిని మందు నుంచి వేరు చేయరాదని అధ్యక్షులవారు ఆదేశించారు. ఎన్నాళ్ళు అని ఎవరో అడిగితే, "శాస్త్రానికి తొందర పనికిరాదు" అన్నారు. తరవాత అందరూ బీరువాకి అటూ ఇటూ నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఫొటోలో బీరువాకి అడ్డొస్తోందని దాలమ్మని పక్కకి తప్పుకోమన్నారు.

దాలమ్మ పక్కకి తప్పుకుంది. వరండాలోకి తప్పుకుంది. గేటు దాటి రోడ్డు మీదికి తప్పుకుంది.

పొద్దు వాలుతుండగా కొండ ఎక్కడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుంది. గుమ్మం గుమ్మానికీ ఆగింది. ఒక ఇంట్లో నీళ్ళు, ఒక ఇంట్లో బెల్లం ముక్క, ఒక ఇంట్లో కొంగున పోసిన గుప్పెడు బియ్యం. పిల్లలు ముందు పరిగెత్తి పైకి కబురు చేరవేశారు. ఆవిడ ఆఖరి వరసకి చేరేసరికి సన్యాసి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కొడుకు నులక మంచం.

"ఎలగెక్కీసినావు వొదినా!" అన్నాడు నోరు తెరిచి.

"కాళ్ళతోనేరా. లే, లెగు."

ఇంట్లో దీపం వెలిగింది. కింద పేట పెద్దలు తలెత్తి చూసి, తీర్పు ఇచ్చిన రోజు లాగానే ఇప్పుడూ న్యాయం జరిగిందన్నారు. సన్యాసి మంచం నెత్తి మీద పెట్టుకుని దిగిపోయాడు.

తెల్లారేసరికి ముసురు పట్టింది. ఆ ముసురులో కొండ మెట్ల మీద ఒక ఊరేగింపు కనిపించింది. ముందు ఆరుగురు కూలీలు మోకులు కట్టి అద్దాల బీరువా మోసుకొస్తున్నారు. వెనక గొడుగు కింద భానుమూర్తిగారు. ఆ వెనక, మెట్టు మెట్టుకీ కూర్చుని లేస్తూ పరాంకుశంగారు. రోగి మందుని విడిచి వచ్చేసింది కనుక మందే రోగి దగ్గరికి వెళ్ళాలని అధ్యక్షులవారి ఉత్తర్వు.

కూలీలు దాలమ్మని పక్కకి జరగమని బీరువాని లోపల పెట్టారు. అది ఒకే ఒక్క గది. పొయ్యి దగ్గర నుంచి చాప వేసుకునే చోటు దాకా బీరువాయే అయింది. భానుమూర్తిగారు గుమ్మానికి తాడు కట్టారు.

"నేటి నుండి ఈ గృహము సంస్థకి ఉపకేంద్రము" అన్నారు. "భద్రత దృష్ట్యా లోపలికి ఎవరూ ప్రవేశించరాదు."

"నా ఇల్లు బాబూ ఇది!"

"అందుకే మీకు మొదటి అవకాశం ఇస్తున్నామమ్మా. సోపాన పద్ధతిలో వెళదాము. మొదటి సోపానంలో మీరు అదిగో, ఆ బండ మీద కూర్చుని మీ ఇంటిని దూరం నుండి చూడవలెను."

వింత చూడటానికి ఊరేగింపు వెనకాలే ఎక్కొచ్చిన సన్యాసి పగలబడి నవ్వాడు. "నానైతే పంచైనా ఇచ్చినాను వొదినా! ఈలు బండిచ్చినారు!"

దాలమ్మ బండ వైపు చూసింది. బండ మీద వాన పడుతోంది. రాళ్ళు మోసి కట్టిన గోడల వైపు చూసింది. నిన్న మధ్యాహ్నం తిన్న ఉప్పటి పప్పు తరవాత బెల్లం ముక్క తప్ప కడుపులో ఏమీ పడలేదు. ఆవిడ తాడు ఎత్తి, తల వంచి, లోపలికి వెళ్ళిపోయింది.

"భద్రత రుజువు కాలేదమ్మా! బయటికి రండి!" అని అరిచారు భానుమూర్తిగారు. తాడు దాకా వచ్చి ఆగిపోయారు. ఆయన లోపలికి వెళ్ళడానికి కూడా భద్రత రుజువు కాలేదు. పరాంకుశంగారు ఆయన వెనక ఆగారు. కూలీలు ఆయన వెనక ఆగారు.

లోపల గిన్నె చప్పుడైంది. కాసేపటికి రాయితో ఏదో కొట్టిన చప్పుడైంది. లక్క పగిలినట్టు, ఇనుము ఊడినట్టు, చెక్క విరిగినట్టు వరసగా చప్పుళ్ళు వచ్చాయి. తరవాత రేకుల సందుల్లోంచి నీలంగా, దట్టంగా, ఘాటైన వాసనతో పొగ పైకి లేచింది.

"ఏం చేస్తున్నారమ్మా?" అని తాడు అవతల నుంచే కేకేశారు పరాంకుశంగారు.

"అన్నం వొండుతన్నాను బాబూ. పుల్లలన్నీ తడిసిపోనాయి. మీ పెట్టెలో ఏళ్ళు బాగా ఎండున్నాయి, అంటించగానే అంటుకున్నాయి."

భానుమూర్తిగారు బండ మీద కూర్చుండిపోయారు. గొడుగు గాలికి ఎగిరిపోయినా ఆయన చూడలేదు. పొగ ఆయన మీదికి వచ్చింది. అలవాటు కొద్దీ దురద ఉందా, కడుపులో తిప్పుతోందా అని తనని తానే పరీక్షించుకున్నారు. ఏమీ లేదు. ఎసరు మరుగుతున్న చప్పుడు మాత్రం బయటికి వినిపిస్తోంది. సముద్రాలు దాటి వచ్చిన ఆ మందు ఒక మనిషికి ఉపయోగపడటం అదే మొదటిసారి.

అన్నం ఉడికాక దాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. సన్యాసి అప్పటికే సగం మెట్లు దిగిపోయాడు. కూలీలు మోకులు చుట్టుకుంటూ, ఖాళీ బీరువాని ఇప్పుడు దించాలా, వద్దా అని అడుగుతున్నారు. మందు ఉన్న బీరువాకి నియమాలున్నాయి గానీ, మందు లేని బీరువా గురించి ఎక్కడా ఏమీ లేదు.

"అది ఒగ్గేసి ఎల్లండి బాబూ" అంది దాలమ్మ. "గిన్నెలెట్టుకోడానికి బాగుంటాది."